వీడ్కోలు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

హలో హలో... పిల్లలూ, మీరంతా హైస్కూలుకు వెళ్లిపోతున్నారు. బాగా చదువుకోండి, మంచి పేరు తీసుకురండి. ఎవరూ తోసుకోకుండా వచ్చి తలా ఒక లడ్డూ తీసుకోండి.

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది పలకననీ ఒట్టు పెట్టుకుని మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ప్రస్తుత టీకాకారుడు అలాంటి ఒట్లేవీ పెట్టుకోలేదు.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, గోదావరి జిల్లాల్లో ఒకానొక యూపీ స్కూలు వరండా. ఏడో తరగతి వాళ్ల వీడ్కోలు సభ. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, వచ్చినందుకు ప్రతిఫలంగా నిదానంగా మాట్లాడి వెళ్లారు. ఈలోగా లడ్డూల బేసిన్‌కి చీమలు పట్టాయి. అది కంటపడి హెడ్మాస్టరు గారు తాను రాసుకొచ్చిన నాలుగు పేజీలూ జేబులో పెట్టేసి పై వాక్యం పలికారు. కాబట్టి ఇందులోని క్లుప్తత వక్త ప్రతిభ అనుకోరాదు, చీమల చలవ.

ప్రతిపదార్థం

హలో హలో = మంగళాచరణం; పిల్లలూ = ఓ బాలబాలికలారా; మీరంతా = చదివినవారూ చదవనివారూ అనే భేదం లేకుండా మీరందరూ; హైస్కూలుకు = పక్క ఊళ్లోని జడ్పీ పాఠశాలకు; వెళ్లిపోతున్నారు = మా చేయి దాటుతున్నారు; బాగా చదువుకోండి = (వ్యాఖ్యానం అక్కర్లేదు); మంచి పేరు = సత్కీర్తిని; తీసుకురండి = ఇక్కడికే తెండి, అక్కడే వదిలేసి రావద్దు; ఎవరూ తోసుకోకుండా = విశేషాల్లో చూడుడు; తలా ఒక లడ్డూ = సుస్పష్టం.

తాత్పర్యం

పోయి రండి. తినేసి వెళ్లండి.

విశేషాలు

‘మీరంతా’ అన్న మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉన్న రోజుల్లో ఏ హెడ్మాస్టరూ ఈ ముక్క ధైర్యంగా అనగలిగేవాడు కాదు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి, ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల దగ్గర మళ్లీ గేటు పెట్టుకోవడానికి వీలిచ్చింది. ఏడు మధ్యలో పడి బతికిపోయింది.

‘తోసుకోకుండా’ వ్యతిరేక క్త్వార్థకం. ఏడేళ్ల నీతిబోధంతా ఈ ఒక్క అసమాపక క్రియలో ఇమిడి ఉందని మా సిద్ధాంతం. సభలో దయ గురించి ఎవరూ మాట్లాడలేదు. ముఖ్య అతిథి కలెక్టర్లు కావాలన్నారు, సైన్సు మాస్టారు ట్రిపుల్ ఐటీ అన్నారు. మొదటి మార్కుకు స్టీలు క్యారేజీ, ఒక్కరోజూ బడి మాననందుకు జామెట్రీ బాక్సు, ఖోఖోకి కప్పు ఇచ్చారు. మంచితనానికి గుండుసూది కూడా ఇవ్వలేదు.

ఇక్కడ పూర్వపక్షం: కొత్తగా వచ్చిన తెలుగు మేడం, వచ్చే ఏడు నుంచి దయగల పిల్లలకూ ఒక బహుమతి పెడదామన్నారు. మాకు సమ్మతం కాదు. పెడితే జూన్ నుంచే పోటీ మొదలవుతుంది. సారు చూస్తున్నప్పుడే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్లు, సారు అటు తిరగ్గానే వదిలేసేవాళ్లు తయారవుతారు. పెద్దల సభల్లో ఆ సన్మానాలు చూస్తూనే ఉన్నాంగా.

ఉదాహరణ: వరసలో ఒకడి లడ్డూ చేజారి ఇసకలో పడింది. వాడు ఏడవలేదు, వంగి దాన్ని ఊదాడు. ఊదితే పోయే ఇసక కాదది. వెనకున్న కుర్రాడికీ వీడికీ దీపావళి నుంచి మాటల్లేవు. ఆ వెనకవాడు తన లడ్డూ రెండు ముక్కలు చేశాడు. ముక్కలు సమంగా రాలేదు. ఏది పెద్దదో రెండు చేతులూ చూసుకుని, చిన్నది వీడి చేతిలో పెట్టాడు, పెద్దది నోట్లో వేసుకున్నాడు. దీన్ని కొందరు లోభమంటారు. చూసి ఇచ్చాడు గనక మేము దయే అంటాం. చూడకుండా మొత్తం ఇచ్చేవాళ్లు కథల్లో దొరుకుతారు. బళ్లో దొరికేది ఈ సైజే. రేపు జడ్పీ హైస్కూల్లో పది ఊళ్ల పిల్లల మధ్య వీళ్లిద్దరూ ఒకే బెంచీ వెతుక్కుంటారు.

వెనక గోడ మీద మధ్యాహ్న భోజనం బోర్డు. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి వడ్డించిన మనిషి ఆవిడ. అక్కడ ముక్కలు చూసుకోవడం లేదు. ఆ స్థాయికీ ఈ లడ్డూకీ చాలా దూరం, నిజమే. అయినా దారి ఒకటే.

ఇక టీసీ. అందులో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంది. పెన్నులు కాజేసిన వాడికీ, అడక్కుండా పెన్నిచ్చిన వాడికీ హెడ్మాస్టరు గారు ఒకే చేతివాటున ‘సంతృప్తికరం’ అని రాసుకుపోయారు. బద్ధకమని ఆక్షేపణ. టీసీ ఆలస్యం చేస్తే చట్టం అయిదో సెక్షన్ కింద తన మీదే చర్య వస్తుంది గనక తొందరని మరో ఆక్షేపణ. రెండూ కొంత నిజమే. కానీ పన్నెండేళ్ల వాడి అల్లరిని వాడి వెంట కొత్త బడికి పంపకపోవడం ఏ ఖాతాలోకి వస్తుంది? ఆ పెన్నుల్లో ఒకటి సారుదే.

పాఠాంతరం

‘తలా ఒక’ అన్నచోట ‘తలా రెండు’ అనే పాఠం ఆరో తరగతి వాళ్ల ప్రతుల్లో మాత్రమే కనిపిస్తోంది. రంగు కాగితాలు అంటించింది తామే గనక వాళ్లు చొప్పించినట్టు తెలుస్తూనే ఉంది. బేసిన్‌లో నాలుగు లడ్డూలు మిగలడం ఇందుకు సాక్ష్యమని వాళ్ల వాదం. అవి వంట చేసే ఆవిడకు తీసిపెట్టినవి కాబట్టి ఆ పాఠం అగ్రాహ్యం.