అల్లుడి దగ్గు, కోడలి జాతకం

మా అపార్ట్‌మెంటు జనరల్ బాడీ మీటింగుకి మామూలుగా కోరం ఉండదు. మంజీరా నీళ్లు రెండ్రోజులు రాకపోయినా, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా పదిమందికి మించి కిందికి దిగరు. మొన్న ఆదివారం సాయంత్రం మాత్రం సెల్లార్‌లో కుర్చీలు చాల్లేదు. వినాయక చవితికని దాచిన ప్లాస్టిక్ కుర్చీలు కూడా దుమ్ము దులిపి వెయ్యాల్సొచ్చింది. అజెండాలో నాలుగో అంశం అలాంటిది మరి: 204 వారి కరెంటు కారుకి సెల్లార్‌లో చార్జింగ్ పాయింటు.

204 కుర్రాడు అడిగింది ఒక్క ప్లగ్గు. తన పార్కింగు గోడకి, తన మీటరు నుంచి, తన డబ్బుతో. గీజరుకి పెట్టుకుంటామే, ఆ పదహారు ఆంపియర్ల ప్లగ్గే. ఇంటి కనెక్షన్ నుంచే కారు చార్జింగ్ పెట్టుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రింటు తీసి తెచ్చాడు పాపం. ఆ కాగితం చేతులు మారి మారి చివరికి విసనకర్రయింది. ప్లగ్గు అడిగినవాణ్ణి ఏమడగాలి? వైరు మందమెంత, ఎర్తింగ్ ఉందా, లోడు సరిపోతుందా అని అడగాలి. అవేవీ ఎవరూ అడగలేదు. 502 పెద్దాయన లేచి నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "బాబూ, కాంగోలో పసిపిల్లలు కోబాల్టు తవ్వుతున్నారు. ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నారు.

సెల్లార్ అంతా సద్దుమణిగింది. ఆయన గొంతు నిజంగానే వణికింది. పన్నెండేళ్ల ఇరుగుపొరుగులో ఆయన నోట కాంగో పేరు వినడం అదే మొదలు. మా వాచ్‌మన్ కొడుకు బడి మానేసి కార్లు కడుగుతున్నాడని నాలుగేళ్ల కిందట ఎవరో చెబితే, "చురుకైన కుర్రాడు, రేపట్నుంచి నా బండి కూడా తుడవమనండి" అన్నది కూడా ఆయనే.

ఇక చెరువుకి గండి పడింది. 301 సార్ రామగుండం బొగ్గు అందుకున్నారు. 405 మేడమ్ చచ్చిన బ్యాటరీని ఎక్కడ పూడ్చాలని బెంగపడ్డారు. 103 అంకుల్ చైనా మీదికి వెళ్లారు. రెండు గంటలు నడిచింది. నాకు చప్పున పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. పిల్ల ఎవరింటిది, మేనమామలేం చేస్తారు, ముత్తాతకి ఏదైనా జబ్బుండేదా, ఏదీ, ఓసారి నడిచి చూపించమ్మా. కొత్త కోడలికి ఇన్ని ప్రశ్నలు. అవతల అల్లుడుగారు, అదే, మా అందరి పెట్రోలు కారు, నూరేళ్లుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాళ్ల తాత ఏం చేసేవాడో ఒక్కరూ అడగరు. అడిగితే అల్లుడు అలుగుతాడు.

ముందే చెప్పేస్తున్నా, నాదీ పెట్రోలు కారే, పదకొండేళ్ల పాతది. కాబట్టి ఇది కోడలి తరపు వకాల్తా కాదు. అల్లుడి తరపు బంధువే పెట్టుకుంటున్న ఫిర్యాదు.

బొగ్గు సంగతి చూద్దాం. 301 సార్ చెప్పింది అబద్ధం కాదు. దేశంలో కరెంటు దాదాపు ముప్పాతిక వంతు బొగ్గు నుంచే వస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. అయితే సార్ ఇంట్లో మూడు ఏసీలున్నాయి. ఎండాకాలం ఒక్కోటి రాత్రికి ఎనిమిది, పది యూనిట్లు తాగుతుంది. మూడూ కలిసి ఒక్క రాత్రిలో లాగే కరెంటుతో ఈ కుర్రాడి ముప్ఫై యూనిట్ల బ్యాటరీ నిండుతుంది. దాంతో అతను రెండొందల కిలోమీటర్ల దాకా, అంటే ఆఫీసుకి వారం పైన తిరుగుతాడు. సార్ అదే కరెంటుతో గదిని వణికించి, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. రామగుండం బొగ్గు ఏసీలోంచి వస్తే చల్లగాలి, కారులోకి వెళితే కాలుష్యం!

ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ 2021లో గని నుంచి తుక్కు దాకా లెక్క కట్టింది. బ్యాటరీ తయారీనీ, మన బొగ్గు కరెంటునీ కలుపుకుని కూడా, మన దేశంలో కరెంటు కారు అదే తరహా పెట్రోలు కారు కన్నా 19 నుంచి 34 శాతం తక్కువ గ్రీన్‌హౌస్ వాయువులు వదులుతుందని తేల్చింది. యూరప్‌లో ఆ తేడా 66 నుంచి 69 శాతం. అంటే కుర్రాడు వెనకద్దానికి అంటించుకున్న 'జీరో ఎమిషన్' స్టిక్కరు శుద్ధ అబద్ధం. పొగ పోలేదు, రామగుండంలో ఉంది. ఆ స్టిక్కరు అతని చేతే గీకించాల్సిందే. కానీ నూటికి పాతిక మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి నూరెందుకు రాలేదని నిలదీస్తున్నది ఎవరయ్యా అంటే, అసలు పరీక్షకే కూర్చోనివాళ్లు.

ఇక కాంగో. ప్రపంచపు కోబాల్టులో సగానికి పైగా అక్కడిదే. అక్కడి గనుల్లో పిల్లలు పనిచెయ్యడమూ నిజమే. కాకపోతే మన దగ్గర అమ్ముడయ్యే కరెంటు కార్లలో చాలావాటికి వాడేది ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ. ఇనుము, ఫాస్ఫేటు. అందులో కోబాల్టు ఉండదు. అది సాధారణంగా ఉండేది పెద్దాయన చేతిలోని ఫోను లాంటివాటిలో. ఇంకోచోట కూడా ఉంటుంది: రిఫైనరీల్లో పెట్రోలు, డీజిల్ నుంచి గంధకం తీసెయ్యడానికి వాడే ఉత్ప్రేరకంలో. అంటే అల్లుడు కూడా కోబాల్టుతో ముఖం కడుక్కునే మనింటికి వచ్చాడు. ఆయన్ని అడిగినవాళ్లు లేరంతే. చైనా మాటా అంతే. బ్యాటరీలు అక్కణ్ణుంచి వస్తున్న మాట నిజమే. ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి వస్తున్న మాటా నిజమే. బ్యాటరీ కారుతో పాటు ఒక్కసారి కొంటాం. పెట్రోలు వారంవారం పోయిస్తాం. మొదటిది పరాధీనత, రెండోది అలవాటు.

ఎవరూ అడగడం లేదు కదా అని అల్లుడి వంశచరిత్ర నేనే కాస్త తిరగేశాను. గంటకి నూరు కిలోమీటర్ల వేగం దాటిన తొలి కారు పెట్రోలుది కాదు, కరెంటుది. 1899లో ఫ్రాన్స్‌లో కమీల్ జెనాట్జీ అనే బెల్జియం ఆయన నడిపాడు. అంటే కోడలిది నిన్నటి సంబంధమేమీ కాదు. ఆ రోజుల్లో పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనపకడ్డీ తిప్పాలి. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. 1912 మోడలు క్యాడిలాక్‌కి చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టరు అమర్చి ఆ బాధ తప్పించాడు. దేంతో తప్పించాడు? బ్యాటరీతో, కరెంటు మోటారుతో! కోడలి నగలు తాకట్టు పెట్టి అల్లుడికి ఉద్యోగం వేయించారన్నమాట. 1921లో అదే కెటరింగ్ దగ్గర పనిచేసే థామస్ మిడ్‌గ్లీ, ఇంజను కొట్టుకోకుండా పెట్రోల్లో సీసం కలిపే ఉపాయం కనిపెట్టాడు. ఆ సీసం పొగని మనం 2000 దాకా పీల్చాం. ప్రపంచంలో ఆఖరున అల్జీరియా మానింది 2021లో. నా తరమంతా బస్టాండుల్లో ఆ పొగ పీల్చుకుంటూనే ఎక్కాలు వల్లెవేసింది. మా లెక్కల మార్కుల్లో అల్లుడి చలవ ఎంతో ఇంతవరకూ ఎవరూ లెక్కెయ్యలేదు.

ఈమధ్య అల్లుడుగారు మందు కూడా పుచ్చుకుంటున్నారు. ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్లో ఐదోవంతు ఇథనాల్. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి తీసిందే. పాత బళ్లకి మైలేజి కొంత తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. కోడలికి బ్యాటరీ ఎనిమిదేళ్ల తర్వాత ఏమవుతుందోనని నిద్రపట్టని 405 మేడమ్, తన తొమ్మిదేళ్ల కారుకి రోజూ ఏం పోయిస్తున్నారో తెలుసుకోలేదు. అల్లుడు తాగొస్తే ఇంటిల్లిపాదీ సర్దుకుపోవాలి.

నిప్పు దగ్గర వెటకారం పనికిరాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కరెంటు స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలో ఉన్నవాళ్లలో ఎనిమిది మంది చనిపోయారు. ఆ భయం అర్థం లేనిది కాదు. బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించడం మంచిదే, ఇంకా బిగించాలి. కానీ నిప్పుకి పేరుపడ్డది ఎవరో కోనసీమ వాళ్లని అడగాలి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా ఆకాశమంత ఎత్తున మండింది. విశాఖ వాళ్లని అడగాలి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ పేలుళ్లలో అరవై మంది దాకా పోయారు. అంత దూరం వద్దనుకుంటే మా సెల్లారే చూడండి. నలభై కార్లు, ఒక్కోదాంట్లో పాతిక లీటర్లు. వెయ్యి లీటర్ల పెట్రోలు మధ్య కుర్చీలేసుకుని, ఒక ప్లగ్గు వైపు వేలు చూపించి "ఇది ప్రమాదం కాదా?" అని అడుగుతున్నాం.

"మరి సంక్రాంతికి రాజమండ్రి ఎలా వెళ్తావయ్యా?" అన్నారు 103 అంకుల్. మంచి ప్రశ్నే. పండగ ముందు విజయవాడ హైవేలో చార్జరు దగ్గర వరస ఉంటుంది. చార్జరుంటే ప్లగ్గుండదు, రెండూ ఉంటే యాప్ పనిచెయ్యదు. కాకపోతే పంతంగి టోల్‌గేటు దగ్గర అంకుల్ కూడా గాల్లో ఎగిరి వెళ్లరు. ఆయన ఏడాదికోసారి రాజమండ్రి వెళతారు, మిగతా రోజులు అమీర్‌పేట. పెళ్లికి వెయ్యిమందికి వండాల్సొస్తుంది కదా అని, ఇంట్లో ఇద్దరికి రోజూ గాడిపొయ్యి తవ్వుకుని అన్నం వండుకున్నట్టుంది ఈ జాగ్రత్త.

కోడల్ని మోసుకొచ్చిన మేళగాళ్లు తక్కువవాళ్లేమీ కాదు. 2030 కల్లా దేశంలో ఒక్క పెట్రోలు కారూ అమ్మకూడదని 2017లో ఢిల్లీ తొడగొట్టింది. తర్వాత ఆ లక్ష్యం సద్దుచేయకుండా 30 శాతానికి దిగింది. 2023 ఫిబ్రవరిలో జమ్మూలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఉందన్నారు. అది ప్రాథమిక అంచనా అన్న ముక్క ఎవరికీ వినబడలేదు, టీవీలు ఆ పూటే మనల్ని సౌదీ చేసేశాయి. అదే నెల 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. కరెంటు కార్లు పొగ లేకుండా గిర్రున తిరుగుతుంటే, వాటికోసం దారి మళ్లించిన పెట్రోలు బళ్లన్నీ ట్రాఫిక్‌లో నిలబడి ఆ లోటు పూడ్చాయి. తర్వాత రేసు కాస్తా కేసైంది, అది కోర్టుల సంగతి. రాష్ట్రం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా కరెంటు బళ్లకి రోడ్డు పన్ను మాఫీ చేస్తే, మా 601 సార్ ఖరీదైన కరెంటు కారొకటి తెచ్చి ఆకుపచ్చ నంబరు ప్లేటుకి పసుపు, కుంకుమ పెట్టారు. పక్కనే ఆయన డీజిల్ బండి అలాగే ఉంది. అల్లుణ్ణి సాగనంపలేదు, కోడల్ని అదనంగా తెచ్చుకున్నారు. పర్యావరణం కోసమట!

అసలు అడగాల్సినవి లేక కాదు ఈ జాతకాల గోల. అద్దెకున్నవాడి బండికి ఎవరు ప్లగ్గు ఇస్తారు? పన్ను మాఫీ పోగా కూడా కొనలేనివాడి సంగతేంటి? హైవే మీద చెడిపోయిన చార్జరుకి జవాబుదారీ ఎవరు? పాత బ్యాటరీ వెనక్కి తీసుకునేవాడి అడ్రసేది? ఇవన్నీ తేల్చాలంటే ఎవరో ఒకరి జేబు తడవాలి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. కాంగోకైతే కన్నీళ్లు చాలు. ప్లగ్గుకి ఖర్చవుతుంది, జాతకం అడగడం ఉచితం. అందుకే మా సెల్లార్‌లో రెండు గంటల్లో భూగోళమంతా తిరిగొచ్చారు గానీ, గోడ దాకా ఒక్కరూ వెళ్లలేదు.

ఎనిమిదిన్నరకి ఈదురుగాలి లేచింది. కరెంటు పోయింది. చీకట్లో ఎవరో ఫోను లైటు వేసేలోగా, మూలనున్న డీజిల్ జనరేటరు ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. నల్లటి పొగ కుర్చీల కాళ్ల మధ్యగా పాకుతూ వచ్చింది. 405 మేడమ్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. లైట్లు వెలిగాయి. "హమ్మయ్య, కరెంటొచ్చింది" అన్నారు 502 పెద్దాయన, కుర్చీ కాస్త ఇటు జరుపుకుంటూ.

ఆ వెలుగులోనే సెక్రటరీగారు మినిట్స్ పుస్తకం తెరిచి, పొగకి కళ్లు నులుముకుని రాశారు. "అంశం 4: చార్జింగ్ పాయింటు. సభ్యుల ఆరోగ్యం, పర్యావరణం దృష్ట్యా వాయిదా. అంశం 5: జనరేటరుకి రెండొందల లీటర్ల డీజిల్. ఏకగ్రీవం."