మీటరు చెప్పిందే వేదం

నర్సీపట్నంలో సెకండ్‌హ్యాండ్ లారీ బేరానికి వచ్చినవాళ్లు ముందు చూసేది రంగు, తర్వాత కిలోమీటర్ల మీటరు. పదేళ్లు ఎర్రమట్టి, కంకర మోసిన బండి మొత్తం రెండు లక్షల కిలోమీటర్లే తిరిగిందని మీటరు చెబితే నమ్మేస్తారు. అంత తక్కువ తిప్పిన యజమాని వాయిదాలు ఎలా కట్టాడో మాత్రం అడగరు. కమాను పట్టీలు, ఛాసిస్ మీది వెల్డింగు అతుకులు అబద్ధమాడవు. కాకపోతే వాటి సాక్ష్యం వినాలంటే బండి కిందికి దూరాలి. తెల్లచొక్కా మాసిపోదూ!

సొంతంగా తోలుకునేవాడికి పాత బండే మేలంటారు: సెన్సర్లుండవు, పొగ శుద్ధికి పోసే యాడ్‌బ్లూ ఖర్చుండదు, చెట్టు కింది మెకానిక్కైనా బాగుచేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి లంబసింగి ఘాట్‌లో మొరాయిస్తే ల్యాప్‌టాప్ ఉన్నవాడు కొండెక్కి రావాలి, నిజమే. కానీ ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పదు. 15 ఏళ్లు దాటితే ఆ సర్టిఫికెట్ రుసుమే 2022లో 12,500 రూపాయలకు ఎగబాకింది. పైగా బండి ఆగిన రోజు ఓనరుకు కిరాయి, డ్రైవరుకు బత్తా పోతాయి. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కడే. కొన్న ధర పక్కన ఆగే రోజులనూ వేసి లెక్కగడితే, కాస్త ఖరీదైనా ఎనిమిదేళ్ల లోపు బండే నెగ్గుతుంది. అదీ ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు తొలగి, చలానాల బాకీ లేకుంటేనే. ఆ సంగతి ఫోన్లోనే చూసుకోవచ్చు. బ్రోకరు మాత్రం ముహూర్తం దాటిపోతోందని తొందరపెడతాడు. ముహూర్తానికి ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ అక్కర్లేదు మరి!