నన్నూ 'యూ' అనండి

ఫిల్మ్‌నగర్‌లో కొన్నాళ్ళు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాను. నాకప్పుడు ముప్పై ఏళ్ళు. ప్యాకప్ అయ్యాకే క్లాసు. ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు, ఒక మేకప్ అమ్మాయి, కృష్ణానగర్ నుంచి నడిచొచ్చే ఓ ప్రొడక్షన్ బాయ్. ఆ బాయ్‌కి యాభై రెండేళ్ళు. వాళ్ళ నాన్న మద్రాసు కోడంబాకంలో ఇదే పని చేశాడట. సెట్లో టీ అందించేవాడు తాతయినా బాయే. హీరోకి నూనూగు మీసాలైనా గారే. ఇక్కడి వ్యాకరణం అది.

ఆ రోజు పాఠం మర్యాద. తార్నాక సీఫెల్‌లో (ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు) చదివినవాణ్ణి, నాకది కొట్టిన పిండి.

"'గివ్ మీ వాటర్' అంటే తెల్లవాడికి కసిరినట్టుంటుంది. మనకా బెంగ లేదు, 'ఇవ్వండి'లోనే ప్లీజు ఉంది. వాళ్ళు మాత్రం 'కుడ్ యూ' అంటూ చుట్టు తిరిగి రావాలి."

"మరి 'మీరు'ని ఎలా చెప్పాలి సార్?" అన్నాడో అసిస్టెంటు.

"అక్కర్లేదండీ. షేక్‌స్పియర్ కాలంలో వాళ్ళకీ రెండూ ఉండేవి. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. రానురాను 'దౌ'ని అటకెక్కించి, అందరికీ మీరునే ఖాయం చేశారు. దొరకీ యూ, బంట్రోతుకీ యూ!"

వెనక బెంచీలో పెద్దాయన తలెత్తాడు. పాపం, అందలేదేమోనని దగ్గరికెళ్ళాను.

"అర్థమైందా నీకు? లేకపోతే అడుగు, మళ్ళీ తెలుగులో చెప్తా."

తలూపాడు.

క్లాసయ్యాక, "రేపు కాస్త ముందే రండి" అని కుర్రాళ్ళను సాగనంపి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలు సర్దుతున్నాడు.

"సార్, ఒక మాట."

"చెప్పు."

"రేపట్నించి నాతో తెలుగులో మాట్లాడొద్దు సార్."

నవ్వొచ్చింది. "అప్పుడే ఇంగ్లీషంతా వచ్చేసిందా నీకు?"

"రాలేదు సార్. అర్థం కాకపోయినా పర్లేదు. ఇంగ్లీషులో అయితే నన్ను కూడా మీరు అంటున్నారు."