మహేంద్రగిరి నెక్కగోరువారికి కొన్ని హితవాక్యములు

శ్రీకాకుళము జిల్లా మందసకు వాయవ్యమున, ఒడిశా సరిహద్దు నించుక దాటినంతనే, సముద్రమట్టమునకు 1501 మీటర్ల యెత్తున నిలిచియున్న మహేంద్రగిరిని ఒక్కమారైన నెక్కి రావలెనను కోరిక మన పట్టణవాసులలో దినదినము ప్రబలుచున్నది. భూమినంతయు కశ్యపునకు ధారవోసి, తనకు నిలువ చోటు లేక పరశురాముడు తపస్సునకై చేరుకొన్న పర్వతమిది. ఆయనకు మార్గదర్శక గ్రంథమేదియు లేకపోవుటచేతనే కాబోలు, ఎక్కినవాడు నేటివఱకు దిగిరాలేదు. చదువరులకు అట్టి ప్రమాదము వాటిల్లకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట వాహనవిషయము. ఒడిశా వైపునుండి బండ్లు పోవు అడవిబాట యొకటి కొండమీదికి సాగును. దానికి జీపు తగినదని అనుభవజ్ఞులు చెప్పుదురు గాని, జీపువాడడుగు కిరాయిని మిగుల్చుకొనగోరువారు నేలనంటి పోవు తమ క్రొత్తకారునే తీసికొనిపోవుట శ్రేయస్కరము. మొదటి వంక దాటకముందే బండి యడుగుభాగము రాతికి తగిలి చేయు మహానాదమునకు అడవిమృగములన్నియు దూరముగా తొలగిపోవును. వానపడిన మరునాడు బయలుదేరినచో ఎఱ్ఱమట్టి చక్రములను ఎంత గాఢముగా ఆలింగనము చేసికొనునో కన్నులార చూడవచ్చును. దిగి త్రోయవలసినవారు వచ్చినది నడకకొఱకే గనుక వారినిగూర్చి విచారింప నక్కఱలేదు. మాసములలో అక్టోబరు ఉత్తమము. 2018లో తిత్లీ తుపాను పలాసకు చేరువను తీరము దాటి ఉద్దానములోని కొబ్బరితోటలను, జీడితోటలను కూలద్రోసినది ఆ నెలలోనే గావున, ప్రకృతివిలాసమును సన్నిహితముగా దర్శింపగోరువారు దానిని విడువరాదు. వేసవియే ఇష్టమైనవారికి ఎలుగుబంట్లు కలవు. అవి జీడిపండ్ల వాసనకును పనసపండ్ల వాసనకును ఉద్దానపు తోటలలోనికే వచ్చునంతటి రసికములు. కావున బాగుగా పండిన పనసతొనలను సంచిలో నుంచుకొని నడచువారికి వానిని వెదకుకొను శ్రమ యుండదు.

ఇక నడక. దూరము నిజముగా కొలదియే. అయితే ఆ కొలదియు నిలువుగా నుండును. పొడవున మనకు దక్కిన లాభమంతయు ఏటవాలున వడ్డీతో చెల్లింపవలసివచ్చును. ఎదురైన గ్రామస్థుని అడిగినచో “ఎంతో దూరం నేదు బాబూ, ఇదిగో ఇక్కడే” యని చెప్పును. గంటసేపు ఎగశ్వాసతో నడచినపిమ్మట అతనిని అసత్యవాదియని నిందింతురేమో, తగదు: అతడు తన పిక్కలతో కొలిచిన దూరమును చెప్పెను, మీరు మీ పిక్కలతో కొలుచుచున్నారు. పాదరక్షలు ముందునాటి సాయంకాలము కొన్నవై, వెలచీటి యింకను ఊడనివై యుండవలెను. నీటిసీసా బరువు గనుక తొలిమలుపులోనే త్రాగి ఖాళీ చేయుడు. నిట్టనిలువు చోట్ల విశాఖపట్టణమున ఇండ్లస్థలముల ధరలనుగూర్చి బిగ్గఱగా చర్చించుచు ఎక్కినచో, ఆయాసము వచ్చినది కొండవలననో ధరలవలననో తోచక మనస్సు తేలికపడును.

దారి చూపుటకై స్థానికులైన సవరలలో నొకనిని వెంటబెట్టుకొనుట మంచిదని కొందఱు చెప్పుదురు. మీ చేతిలో ఫోను ఉండగా అది యనవసరము. ఫోనుకు సంకేతములందని చోట, ఎదురైనవానితో తెలుగునే మఱింత బిగ్గఱగా మాటలాడుడు. అప్పటికిని అతనికి తెలియకున్నచో ఇంగ్లీషున అఱవుడు. 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తిపంతులు మాత్రము ఇంత సులభోపాయము తోచనివాడై, ఈ యడవులలో తిరిగి సవరభాషను నేర్చుకొని, ఆ తిరుగుడులో మలేరియా తెచ్చుకొని, దానికి మ్రింగిన క్వినైనుచేత వినికిడి పోగొట్టుకొని, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఆయన యిప్పుడుండి నా యీ గ్రాంథికమును చదివినచో, నా హితవాక్యములకంటె నా క్రియాపదములకే యెక్కువ కోపగించుకొనియుండును.

శిఖరప్రాంతమున పాండవుల పేరను కుంతి పేరను ప్రసిద్ధములైన ఆలయములున్నవి. నేటి ముఖలింగమని పండితులు గుర్తించిన కళింగనగరమునుండి ఏలిన తూర్పుగాంగులు, ఈ మహేంద్రశిఖరమున వెలసిన గోకర్ణస్వామిని తమ శాసనములలో కులదైవముగా కొనియాడిరి. శివరాత్రికి రెండు రాష్ట్రముల జనమును ఇచ్చటికి ఎక్కివత్తురు. పెద్దపెద్ద రాళ్ళను పేర్చి కట్టిన చిన్న భీమాలయమును చూచినంతనే దానిపై తమ పేరును, ప్రియురాలి పేరును చెక్కవలెనని యువకులకు తోచుట సహజము. దీనికి పూర్వాచారము లేకపోలేదు. వేయేండ్లనాడు రాజేంద్రచోళుని విజయమును చాటు శాసనమును, పులి మీనముల చిహ్నములతో సహా, ఈ కొండమీదనే చెక్కించిరి. అయితే దానికి ముందు చోళసైన్యము తంజావూరినుండి నడచివచ్చి యుద్ధమున గెలిచినది. మీరును అంతపని చేసివచ్చినవారైనచో నిరభ్యంతరముగా చెక్కుకొనుడు. లేనియెడల ఉలిని ఇంటియొద్దనే యుంచి రండు.

కాళిదాసు తన కావ్యమున, రఘువు మహేంద్రాధిపతిని గెలిచి అతని సంపదను మాత్రము గైకొని భూమిని అతనికే విడిచెనని వర్ణించెను. నేటి యాత్రికులు రఘువుకంటె ఉదారులు. సంపద నేమియు గైకొనరు. తాము తెచ్చిన సీసాలను, పలావుపొట్లములను, రంగురంగుల రేకుసంచులను భూమికే విడిచి వత్తురు. మహేంద్రతనయ యీ కొండలలోనే పుట్టి బారువయొద్ద సముద్రమున కలియును గనుక, మీరు విడిచినది నది దయతలచినచో బారువ తీరమున మరల మీకే కనిపింపవచ్చును.

చివర నొక్కమాట, ఇందు హాస్యము లేదు. మీరు సాహసమని చెప్పుకొని ఫొటోలు తీయించుకొను ఇట్టి రాతిబాటలమీదనే ఉత్తరాంధ్రపు కొండయూళ్ళవారు సంతకు బరువులు మోసికొని పోవుదురు. రహదారిలేని చోటులనుండి ప్రసవవేదన పడుచున్న స్త్రీని డోలీలో కట్టుకొని దింపుదురు. మీరు దిగునప్పుడో ఎక్కునప్పుడో డోలీ యెదురైనచో, ఫోను జేబులో వేసికొని, లోయవైపు గాక కొండవైపునకు ఒదిగి నిలిచి, ముందు వారికి దారి యిండు.