మనసు జబ్బు ముదరాలంటే ఏం చేయాలి?

గుండెదడ, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం. డాక్టరు చూసి ఎస్సిటాలోప్రామో, సెర్ట్రాలినో రాశారు. ఆ మాత్ర పనిచేయకుండా చూడటం చాలా సులువు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో మనవాళ్లు చేస్తున్నవే ఇవన్నీ.

1. దాచండి. కుప్పంలో రైలెక్కి బెంగళూరులో చూపించుకోండి, ఇంట్లో గ్యాస్ట్రిక్ అని చెప్పండి. నడుంనొప్పి వచ్చినప్పుడు వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర కూడా నోరు విప్పకండి. ఆయన ట్రమడాల్ ఇస్తాడు. ఆ రెండూ కలిస్తే వణుకు, జ్వరం, కలవరం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అయినా పరువు దక్కింది కదా!

2. అయిదు రోజులు చూడండి, ఆరో రోజు మానేయండి. ఈ మందు గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వచ్చే వికారం చాలామందికి దానంతటదే తగ్గుతుంది. సరిగ్గా ఆ వారంలోనే "నాకు పడలేదు" అనేయండి.

3. బాగైతే ఇంకా మంచిది, ఒక్కసారిగా ఆపేయండి. నిద్ర పట్టింది, అన్నం సయించింది, ఇంకెందుకు? తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, మోతాదు మెల్లగా తగ్గించాలని డాక్టరు చెప్పిన మాట మర్చిపోండి. తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు అవుతుంది, కొన్నాళ్లకు పాత దిగులూ తిరిగొస్తుంది. అప్పుడు తప్పు మాత్ర మీదకు తోసి, "అలవాటు చేసేసింది" అని ఊరంతా చెప్పండి. నిజంగా అలవాటు చేసే ఆల్ప్రజోలాంను మాత్రం నిద్రకని ఏళ్ల తరబడి మింగండి.

4. పాత చీటీ పారేయకండి. వదినగారబ్బాయి కాలేజీ మానేసి గదిలో కూర్చుంటే మీ మాత్రలే ఇవ్వండి. పాతికేళ్ల లోపు పిల్లల్లో మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, అందుకే పక్కన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పకండి.

5. సాయంత్రం మందు కొట్టండి.

6. బోయకొండ గంగమ్మకు మొక్కుకుని, అక్కడి నుంచే మాత్రలు మానేయండి. మాత్ర వేసుకుంటూ కూడా మొక్కు తీర్చుకోవచ్చన్నది గుర్తుకు రానీయకండి.

7. "నాకేం పిచ్చా? మనసుకు మాత్రేంటి?" అన్నది రోజుకోసారి అనండి. మదనపల్లె ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయరోగుల్ని చూస్తున్నారు. దగ్గు తగ్గినా కోర్సు పూర్తి చేయాలని ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఒకరు చెప్పాలా? కుంగుబాటు మందుల్లో మొదటి తరానికి చెందిన ఇప్రోనియాజిడ్ కూడా క్షయ మందే. 1952 ప్రాంతంలో న్యూయార్క్ శానటోరియంలో అది వాడిన రోగుల్లో హుషారు కనబడితేనే ఈ దారి తెరుచుకుంది. ఇవన్నీ వినబడకుండా చెవులు మూసుకోండి.

వీటిలో ఒక్కటైనా మీ ఇంట్లో జరుగుతుంటే మాత్ర ఇచ్చిన డాక్టరుకు ఈ రోజే చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే 14416కు, టెలి మానస్‌కు, ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా డబ్బు లేకుండా తెలుగులో మాట్లాడతారు.