ఆది లేని బురఖాలు

మా రోజుల్లో బురఖాకి ఆది ఉండేది. గోషా ఇళ్ల ఆడవాళ్లు గుడ్లవల్లేరులో నా దుకాణం మెట్టెక్కేవాళ్లు కాదు. కొలతకి ఆదిగా పాత బురఖా మూటగట్టి పిల్లాడి చేత పంపేవాళ్లు. "సాయిబుగారూ, భుజం అరంగుళం వదలమంది మా అమ్మీ" అనేవాడు వాడు. ఆ మాట చాలు. నడుం వంగిన నానీకైతే ముందు పొడుగు తగ్గించి, వెనక పెంచి కుట్టాలి. లేకపోతే ముందంచు కాళ్లకడ్డం పడి బోర్లా పడుతుంది. చంటిబిడ్డ తల్లికి పాలివ్వడానికి వీలుగా పక్కన చీలిక పెట్టి, పైన మడత కప్పేవాణ్ణి. మనిషిని చూడకపోయినా ఆమె ఒళ్లు ఎప్పుడు చేసిందో, ఎప్పుడు చిక్కిందో ఆది చెప్పేది.

ఇప్పుడు అబాయాలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తున్నాయి. 52, 54, 56, 58 అని అంకెలు వేస్తారు. ఆ అంకె పొడుగు ఒక్కటే, అంగుళాల్లో. భుజమెంత, చెయ్యెంత అని అడిగేవాడేడీ? కింద అంచు కోయించుకోవడానికి మాత్రం నా దగ్గరికి వస్తారు. మొన్న మా మనవరాలు 56 తెచ్చి, "దాదా, నేల ఊడుస్తోంది" అంది. నాలుగంగుళాలు కత్తిరించాను. ఆ ముక్క చేతిలో నలిపి చూస్తే జర్రున జారిపోయింది. నిదా అంటారు, పాలిస్టరు గుడ్డ. చుక్క చెమట పీల్చదు. మే నెల ఉక్కలో అది తొడుక్కుని పిల్ల రైల్లో గుడివాడ పోయి రావాలి! ఒళ్లు మండింది నాకు. పిల్ల మీద కాదు, కప్పుకోవడం మీద అసలే కాదు, ఆ గుడ్డ మీద.

ఇదే బందరు రైలు దారిలో కలంకారీ అద్దకాల పెడన ఉంది కదా! కలంకారీ అన్న మాటే పారశీకం. గోల్కొండ పాదుషాల నాడు బందరు రేవు నుంచి ఈ అద్దకపు నూలు గుడ్డలు ఓడలెక్కి ఇరాన్ పోయేవి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగిందీ ఈ గుడ్డల బేరానికే. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో గుడ్డ నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లు దానిమీద అద్దితే నలుపు తేలుతుంది. నలుపే కావాలంటే ఇంతకన్నా మంచి నలుపేముంది? ఉతికే కొద్దీ మెత్తబడే నూలు మీద, గాలి ఆడే నలుపు.

ఇంకో మాట వింటే మనసు కలుక్కుమంటుంది. వెనకటి ఆడవాళ్లకు పద్ధతి తెలియదంటున్నారు కొందరు కుర్రాళ్లు. మా అమ్మకి బురఖా లేదు. మోకాటి లోతు బురదలో నాట్లు వేసే మనిషి. నేత చీర కొంగు తలమీదికి లాక్కుని, చెవుల వెనక్కి దోపుకునేది. గట్టు మీద కాళ్లు కడుక్కుని, అదే కొంగు సర్దుకుని నమాజు చదివేది. ఆమెకు పద్ధతి లేదనే నోరు నా ముందు తెరవొద్దు. ఉన్నవాళ్లింట తెల్ల చాదరు, లేనివాళ్లింట చీర కొంగు. రెంటికీ ఒకే మర్యాద ఉండేది మా ఊళ్లో.

కళ్లు మసకబారాయి గానీ నా చేతికి కొలత మరుపు రాలేదు. వచ్చే రంజానుకి ఎవరైనా పెడన నూలు ఐదు మీటర్లు, ఒక పాత ఆది తీసుకురండి. కుట్టుకూలి అడగను.