ఇంటూ కొట్టి వెళ్ళిపోతారు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ మందుల ఫ్యాక్టరీ. అందులో డిస్పాచ్ గది. అక్కడ మానిటర్ వెనక బిగించిన నల్లపెట్టెను నేను. అసలు పేరు థిన్ క్లయింట్, ఇక్కడ అందరూ పిలిచేది డబ్బా. నా కడుపులో ఫైళ్ళుండవు, ఎక్సెల్ కూడా ఉండదు. అవన్నీ గచ్చిబౌలి సర్వరులో నడుస్తాయి. అక్కడి తెరను ఇక్కడ చూపించడం, ఇక్కడి మౌసు కదలికలను అక్కడికి మోయడం, ఇదే నా కొలువు. మా పూర్వీకుల్లో ఒకడు 1998లో పుట్టిన విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్. వంశం పెద్దదే, బతుకే దెబ్బల బతుకు.

మొన్న మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారింది. మేడమ్ వచ్చి డిస్పాచ్ షీటు తెరవబోతే రాలేదు. నా నెత్తిన ఒకటి వేశారు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టారు. ఆ తర్వాత ఐటీ అన్నకు ఫోను.

"అన్నా, ఫైల్ ఓపెన్ అయితలేదు. డబ్బా ఖరాబైనట్టుంది."

"ఏమని వస్తుంది మేడమ్?"

"ఏదో ఇంగ్లిష్‌ల వచ్చింది, ఓకే కొట్టిన."

తిరకాసంతా ఆ ఓకేలోనే ఉంది. 'యాక్సెస్ డినైడ్' విండోస్ లెక్కలో 5వ నంబరు ఎర్రర్. 'వేరేచోట వాడుకలో ఉంది' అంటే 32. మొదటిది గేటు దగ్గర వాచ్‌మన్ ఆపడం. రెండోది బాత్‌రూమ్‌లో మనిషుండటం. రెంటికీ తలుపు తెరుచుకోదు కానీ, మందు వేరు.

మళ్ళీ తెరిపించి చదివిస్తే రెండోదే, పొద్దుటి షిఫ్టు అబ్బాయి పేరుతో సహా. షీటు తెరవగానే ఎక్సెల్ దాని పక్కన ఓ చిన్న ఫైలు దాచి, తెరిచినవాళ్ళ పేరు రాసుకుంటుంది. ఆ అబ్బాయి పైన మూలనున్న ఇంటూ కొట్టి షాపూర్‌నగర్‌లో బస్సెక్కాడు. ఇంటూ కొడితే తెగేది నాకూ సర్వరుకూ ఉన్న లంకె మాత్రమే. అక్కడ అతని సెషనూ, అందులో షీటూ తెరిచే ఉంటాయి. నా ప్లగ్గు పీకినా అంతే! ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఐటీ అన్న సర్వరు నుంచే అతన్ని సైన్ అవుట్ చేశాడు. సేవ్ చేయని నాలుగు వరుసలు పోయాయి.

పోయిన నెలలో వచ్చింది మాత్రం 5వ నంబరే. మేడమ్‌ను కొత్త ఫోల్డరు గ్రూపులో చేర్చినా రెండు రోజులు లోపలికి రానివ్వలేదు. ఎవరు ఏ గ్రూపో విండోస్ చీటీ రాసుకునేది లాగిన్ అప్పుడే. ఇంటూ కొట్టి తిరిగొస్తే పాత చీటీయే చూస్తుంది. ఆ రెండు రోజులూ నాకు దెబ్బలే.

రాత్రి పదింటికి మళ్ళీ షిఫ్టు మారుతుంది. షీటు సేవ్ చేసి, స్టార్ట్‌లో మీ పేరు నొక్కి, సైన్ అవుట్ కొట్టి వెళ్ళండి మేడమ్.